ఐదో డబ్బా

పండు గొంతు దిగిన తర్వాత గాని తాను ఏం చేసిందో భాగ్యశ్రీకి తెలియలేదు.

చేవెళ్ల దాటాక రోడ్డు పక్కన ఎర్రమట్టి తోట. నల్లటి ప్లాస్టిక్ కప్పిన మడులు బారుగా సాగిపోయాయి. ఆ ప్లాస్టిక్ చిల్లుల్లోంచి స్ట్రాబెర్రీ మొక్కలు తలలు బయటపెట్టాయి. జనవరి ఎండ ఇంకా వేడెక్కలేదు. ఆమె మొక్క పక్కన గొంతుకూర్చుంది, ఆకు తొలగించింది, ఎర్రగా కనబడినదాన్ని తుంచి నోట్లో వేసుకుంది. పులుపు, దాని వెనకే తీపి. నెల రోజులుగా ఏది పెట్టినా తిప్పికొడుతున్న కడుపు ఆ ఒక్కదాన్ని మాత్రం కిక్కురుమనకుండా పుచ్చుకుంది.

తల ఎత్తేసరికి ఎదురుగా సోనీ. తొమ్మిదేళ్ల పిల్ల. చేతిలో ఖాళీ డబ్బా.

"చిన్నమ్మా," అంది సోనీ, గొంతు తగ్గించి. "అమ్మకు తీసినవా?"

భాగ్యశ్రీ తన ఖాళీ డబ్బా వైపు చూసుకుంది.

ఆ ఇంట్లో అదొక్కటే కట్టుబాటు. ఏ కొత్త వస్తువు వచ్చినా, ఏ కొత్త కాయ కోసినా మొదటిది లావణ్యకు. లావణ్య అంటే సోనీ కన్నతల్లి, భాగ్యశ్రీ భర్త శ్రవణ్‌కుమార్‌కు మొదటి భార్య. ఐదేళ్ల కిందట జ్వరంతో పోయింది. ముత్తైదువగా పోయిన మనిషి, ఆమె వాటా ఆమెకు పెట్టాల్సిందేనని అత్త మాణిక్యమ్మ పట్టు. చీర కొంటే ముందు ఫొటోకు కప్పాలి. పండు తెస్తే ముందు ఫొటో దగ్గర పెట్టాలి. పెళ్లయిన ఈ నాలుగేళ్లలో భాగ్యశ్రీ కట్టిందీ తిన్నదీ అన్నీ రెండోవే.

రెండుసార్లు మరిచిపోయింది. ఒకసారి మామిడిపండు, ఇంకోసారి బతుకమ్మ చీర. రెండుసార్లూ ఆమె కడుపుతో ఉంది. రెండుసార్లూ నెల తిరక్కుండానే మలక్‌పేటలో స్కానింగ్ గదిలో డాక్టరమ్మ ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది, తెర వంకే చూస్తూ ఉండిపోయింది. గుండె చప్పుడు లేదు. మాణిక్యమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "యాద్ మరిస్తివి బిడ్డా, ఆమెకు తియ్యకపోతివి" అంటూ ఫొటో ముందు కూలబడి ఏడ్చింది.

ఇప్పుడు మూడోసారి. మూడో నెల. ఈసారి భాగ్యశ్రీ ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. డాక్టరు గడప కూడా తొక్కలేదు. వెళ్లకపోతే ఆ మాట వినక్కర్లేదు కదా. చివరికి ధైర్యం చేసి రేపు, సోమవారం పొద్దున పదింటికి నంబరు రాయించుకుంది. ఈ ఒక్కరోజు గడవాలి. ఈ ఒక్కరోజు ఏ పొరపాటూ జరగకూడదు.

"నానమ్మకు నేను చెప్ప," అంది సోనీ. పక్క మొక్కలోంచి అన్నిటికన్నా ఎర్రదాన్ని ఏరి తన డబ్బా మూలన పెట్టింది. "గిదే మొదటిదనుకుందాం. అమ్మకు."

"అట్లనే బిడ్డా."

"కని చిన్నమ్మా... అమ్మకు తెలుస్తది గదా?"

భాగ్యశ్రీ వేళ్లకంటిన ఎర్రటి రసాన్ని కొంగుకు తుడుచుకుంది.

రెండు మడుల అవతల మాణిక్యమ్మ నడుము పట్టుకుని కొడుకు మీద విరుచుకుపడుతోంది. "పైసలు మనమే ఇచ్చి కూలి మనమే చెయ్యాల్నా? గిదెక్కడి లొల్లిరా శ్రవణ్?"

"గదే ఇప్పుడు ఫ్యాషన్ అమ్మా. నీ మనవరాలు ఫోన్ల చూసింది. జాం చేద్దామని నాలుగు రోజుల సంది నా పానం తీస్తున్నది."

"ఫోను సల్లగుండ! రేపు అది వరి నాటు పెట్టమంటే పెడ్తవా మరి?"

గంటలో పని అయిపోయింది. శ్రవణ్‌కుమార్ దోస్తు దగ్గర అడుక్కొచ్చిన కారును నీడలోంచి తీయడానికి వెళ్లాడు. మాణిక్యమ్మ, సోనీ చేతులు కడుక్కోవడానికి బోరు దగ్గరికి పోయారు. తూకం దగ్గర భాగ్యశ్రీ ఒక్కతే నిలబడింది. కాపలా మనిషి ఓదెలు డబ్బాలు ఒక్కొక్కటే కాటా మీద పెడుతున్నాడు.

నాలుగు పెట్టాడు. తర్వాత ఐదోది పెట్టాడు.

"అన్నా, గది మాది గాదు. మేము నలుగురమే."

"నలుగురేంది అక్కా? నేను అయిదు డబ్బాలిచ్చిన." ఓదెలు తలపాగా కింద చెవి గోక్కున్నాడు. "గా ఆఖరి మడి కాడ ఒకామె ఒక్కతే తెంపుతుండె గదా. ఎడమచేత్తోని తెంపుతుంటే మస్తు జల్ది తెంపుతున్నదే అనుకున్న. మీ ఇంటామె గాదా?"

భాగ్యశ్రీ ఆఖరి మడి వైపు చూసింది. ఎవరూ లేరు. నీళ్ల పైపు ఒకటి సన్నగా కారుతోంది.

"పొద్దటి సంది మీరు దప్ప ఇంకెవ్వరు రాలే అక్కా," అన్నాడు ఓదెలు, ఇంకా అనుమానంగా.

ఐదో డబ్బా మిగతా నాలుగింటిలా లేదు. మిగతావాటిలో పండ్లు ఎట్లా పడితే అట్లా పడి ఉన్నాయి, కొన్ని నలిగాయి కూడా. ఇందులో ఒక్కో పండుకూ ఒకే కొలతన తొడిమ. అన్నీ ఒకే వైపు తిరిగి, వరసగా పడుకున్నాయి.

ఇంటికి వచ్చేదాకా కార్లో దాని గొడవే.

"రెండు డబ్బాలు నింపినవా అమ్మా? కూలి చెయ్య అంటివి?"

"నేనెందుకు నింపుత? నీ పెండ్లామే నింపింది. ఎంత సక్కగ పేర్చిందో సూడు. గిది లావణ్యకు. మంచి పని చేసినవ్ భాగ్యా."

భాగ్యశ్రీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఎడమచేయి. లావణ్యది ఎడమచేతి వాటమని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పట్నంలో, జహనుమాలోని ఆ ఇంటి వంటగదే చెప్తుంది. కత్తి తగిలించే మేకు పొయ్యికి ఎడమ పక్కన. పోపుల డబ్బా ఎడమ పక్కన. నీళ్ల బిందె ఎడమ పక్కన. నాలుగేళ్లుగా భాగ్యశ్రీ ఒక ఎడమచేతి మనిషి అమర్చుకున్న వంటగదిలో కుడిచేత్తో వండుతోంది. ఒకసారి మేకు పీకి కుడి పక్కన కొట్టబోతే మాణిక్యమ్మ సుత్తి లాక్కుంది.

ఇంటికి రాగానే మాణిక్యమ్మ ఐదో డబ్బాను ముందు గదిలో ఫొటో కింద పెట్టి, అగరొత్తి వెలిగించి, దండం పెట్టుకుంది. నిమ్మకాయలు, బ్రెడ్డు తెస్తానని శ్రవణ్‌కుమార్ బజారుకు పోయాడు. నాలుగు డబ్బాల పండ్లు కడిగి, తొడిమలు గిల్లి, చక్కెరలో కలిపారు. కాసేపట్లోనే చక్కెర కరిగి, గిన్నె నిండా ఎర్రటి నీరు ఊరింది. సోనీ గాజు సీసాలు మరిగే నీళ్లలో వేయించి, తీయించి, ఎండలో బోర్లించింది. మూడింటికి పొయ్యి వెలిగించారు.

జాం అయిందో లేదో చూడటానికి స్టీలు పళ్లెం ఒకటి ఫ్రిజ్‌లో పెట్టారు. చల్లటి పళ్లెం మీద చుక్క వేసి వేలితో నెడితే అది ముడతలు పడాలి. అప్పుడే అయినట్టు. అరగంటకు భాగ్యశ్రీ చుక్క వేసింది. నీళ్లలా జారిపోయింది.

"ఇంకింత ఉడకనియ్యి," అంది మాణిక్యమ్మ.

ముప్పావుగంటకు మళ్లీ వేసింది. మళ్లీ జారింది. గిన్నెలో నురగ లేస్తోంది, ఎర్రటి ఆవిరి లేస్తోంది, పాకం మాత్రం చిక్కబడటం లేదు. భాగ్యశ్రీ గరిటెను గిన్నెకు కుడి పక్కన పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది. మళ్లీ చెయ్యి చాస్తే గరిటె అక్కడ లేదు. ఎడమ పక్కన ఉంది. సోనీ గుమ్మం దగ్గర కూర్చుని తొడిమలు ఏరుతోంది. మాణిక్యమ్మ ఫ్రిజ్ దగ్గర ఉంది.

నేనే పెట్టుంటాను అనుకుంది భాగ్యశ్రీ. కుడి పక్కన పెట్టింది. ఈసారి చూపు తిప్పకుండా నిలబడింది. ఏమీ కాలేదు. కుక్కరు మూత తుడవడానికి ఒక్క క్షణం వంగి లేచింది.

ఎడమ పక్కన ఉంది.

గంట దాటింది. మూడోసారి చుక్క వేసింది మాణిక్యమ్మే. అది పళ్లెం అంచుదాకా పారి, నేల మీద పడింది. ముసలామె ఆ చుక్క వైపు చాలాసేపు చూసింది. తలెత్తినప్పుడు ఆమె ముఖంలో కోపం లేదు, భయం ఉంది.

"ఎవరు తిన్నరు?"

ముసలామె చూపు ఒకరి మీంచి ఒకరి మీదికి తిరిగింది.

"తోటల ముందుగాల ఎవరు తిన్నరు? ఆమెకు తియ్యకముందు ఎవరో నోట్ల ఏస్కున్నరు. లేకుంటే గిట్లెందుకైతది? నిజం చెప్పున్రి!"

"నేనే నానమ్మా," అంది సోనీ.

మాణిక్యమ్మ ఒక్క అంగలో వచ్చి పిల్ల రెక్క పట్టుకుంది. "నీకు తెల్వదా? తెల్వదానే నీకు? నువ్వు తింటే సిన్నమ్మకు..." ఆమె మాట మింగేసింది. "పా, అమ్మ ముందట మొక్కు. ముక్కు నేలకు రాయి. పా!"

సోనీ ఏడవలేదు. భాగ్యశ్రీ వైపు చూడను కూడా చూడలేదు, చూస్తే బయటపడుతుందన్నట్టు. పిల్ల రెక్క మీద ముసలి వేళ్లు దిగబడి చుట్టూ తెల్లబడటం భాగ్యశ్రీకి కనిపించింది.

పొయ్యి తగ్గించింది.

"ఇడువు అత్తమ్మా. పిల్ల తినలే. నేను తిన్న."

"నువ్వా?"

"నేనే. ఆగలేకపోయిన. నోరు కొట్టుకపోయింది." ఇంక దాచి లాభం లేదు. "మూడో నెల నాకు. రేపు స్కానింగు."

మాణిక్యమ్మ చేతిలోంచి సోనీ రెక్క జారిపోయింది. అరుస్తుందనుకుంది భాగ్యశ్రీ. శాపనార్థాలు పెడుతుందనుకుంది. ముసలామె గోడకు ఆనుకుని, అట్లాగే జారి, నేల మీద కూర్చుంది.

"గా పిల్ల గూడ గిట్లనే అడిగింది," అంది.

"ఏ పిల్ల?"

"లావణ్య." మాణిక్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్లీ తీసేసింది. "ఆమెకు గూడ మూడో నెలే. జ్వరం మొదలైంది. అన్నం పోతలేదు. స్ట్రాబెర్రీలు తినబుద్ధైతున్నది అత్తమ్మా అన్నది. శ్రవణ్ గాడు తెచ్చిండు గూడ, ఒక డబ్బా. నేనే దాసిన. జ్వరంల పులుపేంది, తగ్గినంక తిందువు అన్న. తెల్లారి దవాఖానకు తీస్కపోతుంటే ఆటోల గూడ అడిగింది. ఒక్కటి పెట్టు అత్తమ్మా అన్నది. వచ్చినంక తిందువు తియ్యి అన్న."

మాణిక్యమ్మ నేల మీద పడిన జాం చుక్కను కొంగుతో తుడిచింది.

"రాలే. పదకొండు దినాలైనంక ఫ్రిజ్ తెరిస్తే డబ్బా అట్లనే ఉన్నది. బూజు పట్టింది. నా చేతులతోనే పారేసిన."

"కడుపుతోని పోయిందని నాకెవ్వరు చెప్పలే," అంది భాగ్యశ్రీ. తన గొంతు తనకే ఎక్కడినుంచో వినిపించింది.

"నేనే ఒట్టు పెట్టిచ్చుకున్న శ్రవణ్ తోని. కడుపుతోని, కోరిక తీరక పోయిందంటే మళ్ల ఈ ఇంటికి పిల్లనెవరిస్తరు? నువ్వెట్లొస్తువు?" మాణిక్యమ్మ తల అటూ ఇటూ ఊపింది. "గందుకే ముందుగాల ఆమెకు పెడ్తున్న. ఏది తెచ్చినా పెడ్తున్న. పెట్టినా ఆమె పోతలేదు భాగ్యా. నీ కడుపుల పడినప్పుడల్ల వస్తున్నది."

నాలుగేళ్లుగా భాగ్యశ్రీ ఆ ఫొటోను తప్పించుకు తిరిగింది. దాని ముందు నుంచి పోతే చూపు దించుకునేది. తన బిడ్డలను ఎత్తుకుపోయిన సవతి మొహం అది. ఇప్పుడు మొదటిసారి ఆమెకు ఆటోలో జ్వరంతో వణుకుతూ ఒక్క పండు అడుగుతున్న మనిషి కనిపించింది. భయం పోలేదు. ఆకలితో పోయిన మనిషి ఇంకా ఎంత దగ్గరికి రాగలదో తలుచుకుంటే ఎక్కువైంది కూడా. కాని ఇట్లా దాక్కుంటూ రేపటి గదిలోకి నడవడం తన వల్ల కాదు. ఏదైనా మొహం మీదే అడగాలి.

పొయ్యి ఆర్పేసి ముందు గదిలోకి నడిచింది. వెనక సోనీ, ఆ వెనక గోడ పట్టుకుంటూ మాణిక్యమ్మ.

వీధి తలుపు గడియ వేసే ఉంది. కిటికీ మూసే ఉంది. అగరొత్తి కాలిపోయి బూడిద వంకరగా వేలాడుతోంది. ఫొటో కింద డబ్బా, పెట్టినచోటనే.

అందులో ఒక్క పండూ లేదు. తొడిమలు మాత్రం ఉన్నాయి. ఆకుపచ్చటి తొడిమలు, ఒకే కొలతవి, డబ్బా అంచు వెంట వరసగా పెట్టి ఉన్నాయి. పిల్లులు, ఎలుకలు తిన్నాక తొడిమలు పేర్చిపెట్టవు.

మాణిక్యమ్మ నోటి నుంచి చిన్న మూలుగు వచ్చింది. సోనీ చిన్నమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"అమ్మ తిన్నది," అంది. పిల్ల గొంతులో భయం కన్నా సంబరమే ఎక్కువ.

భాగ్యశ్రీ మోకాళ్ల మీద కూర్చుంది. పొరబాటున కూడా ఎన్నడూ పిలవని పిలుపు పిలిచింది.

"అక్కా. నేను ముందుగాల తిన్న. తప్పే, ఏమనుకోకు. నాకు ఆకలైంది, నీ లెక్కనే. నీ కథ నాకు ఇయ్యాలనే తెలిసింది. తెలిస్తే నాలుగేండ్ల సంది ఒకటి కాదు, బుట్టలు పెడుతుంటి." కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. "నీకేం కావాల్నో అడుగు. నాదాన్ని మాత్రం నాకు ఉంచు."

ఫొటోలో లావణ్య ఎప్పటిలాగే చూస్తోంది. వంటగదిలోంచి 'గుబుక్' మని ఒక చప్పుడు వచ్చింది. మళ్లీ 'గుబుక్'. ఆర్పేసిన పొయ్యి మీద గిన్నెలో పాకం బరువుగా, చిక్కగా బుడగలు వేస్తోంది.

ఈసారి పళ్లెం అవసరం పడలేదు. గరిటె నిలువుగా నిలబడింది.

కాసేపటికి శ్రవణ్‌కుమార్ నిమ్మకాయలు, బ్రెడ్డు పట్టుకుని వచ్చాడు. చేసిన జాం అంతా నాలుగు సీసాల్లో ఎర్రగా మెరుస్తోంది. ఇంట్లో ముగ్గురూ మాట్లాడకుండా కూర్చున్నారు. "ఏంది, ఎవలన్న పోయిండ్రా?" అన్నాడు నవ్వుతూ. మాణిక్యమ్మ లేచి, బ్రెడ్డు ముక్క మీద జాం రాసి, ఫొటో వైపు వెళ్లబోయి ఆగింది. వెనక్కి వచ్చి ఆ ముక్కను భాగ్యశ్రీ చేతిలో పెట్టింది.

"తిను," అంది. "ఇంక నీతోని అడిగిచ్చుకోను."

సోమవారం పదింటికి అత్తాకోడళ్లిద్దరూ మలక్‌పేట పోయారు. మాణిక్యమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుంది. భాగ్యశ్రీ ఒక్కతే లోపలికి వెళ్లి పడుకుంది. పొట్ట మీద చల్లటి జిగురు రాశారు. డాక్టరమ్మ ఊరూ పేరూ అడుగుతూ, తెర చూస్తూ, ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది.

భాగ్యశ్రీ కళ్లు మూసుకుంది. ఆ నిశ్శబ్దం ఆమెకు తెలుసు. దాని పొడవు తెలుసు. దాని చివర వచ్చే మాట తెలుసు. లోపల్లోపల ఒకటే గొణుక్కుంది, ఉంచు అక్కా, ఉంచు.

"ఈ కాన్పుకు ఇంతకు ముందు ఎక్కడా స్కానింగ్ చేయించలేదా అమ్మా?"

"లేదు మేడం."

"ఆగు. వినిపిస్తాను."

గది నిండా టకటకమని చప్పుడు. గుర్రం పరుగెత్తుతున్నట్టు. భాగ్యశ్రీ పిడికిలి బిగించి ఏడ్చింది.

"ఏడవకు, కదలకు," అంది డాక్టరమ్మ. ఆమె చెయ్యి పొట్ట మీద ఇంకోవైపుకు జరిగింది, ఎడమకు. "ఇప్పుడు ఇది విను."

ఇంకో గుర్రం. మొదటిదాని కన్నా కొంచెం నిదానంగా.

వరండాలో మాణిక్యమ్మ లేచి నిలబడే ఉంది.

"ఏమన్నరు బిడ్డా?"

"గుండె మంచిగ కొట్టుకుంటున్నది అత్తమ్మా."

ముసలామె రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టింది.

"ఇద్దరట."

ఎత్తిన చేతులు అట్లాగే ఉండిపోయాయి. "ఇద్దరా? మా వంశంల కవలలు లేరు గదా. మీ దిక్కు ఉన్నరా?"

"లేరు."

నర్సు ఎవరిదో నంబరు పిలిచింది. ఎవరో లేచి, వాళ్లిద్దరి మధ్య నుంచి దారి చేసుకుంటూ పోయారు. మాణిక్యమ్మ ఎత్తిన చేతులు దించి కోడలి దగ్గరికి జరిగింది.

"వస్తున్నదా? తన బిడ్డను తీస్కొని... నా చేతులల్లకే?"

"ఎవరొస్తున్నరో నాకేం ఎరుక అత్తమ్మా? ఎవరొచ్చినా ఈసారి అడిగినప్పుడు పెట్టు."

మాణిక్యమ్మ తలూపింది. చెయ్యి చాచి కోడలి పొట్ట దాకా తెచ్చి, బెత్తెడు దూరంలో ఆపేసింది.

"ముట్టుకోవచ్చునా తల్లీ?" అని అడిగింది.

ఆ మాట అడిగినప్పుడు ఆమె చూపు భాగ్యశ్రీ ముఖం మీద లేదు, పొట్ట మీదే ఉంది.